'సైలెన్స్' అన్న మాట ఎవరితో అంటున్నారు?

ఒకే స్టాఫ్‌రూములో, ఒకే మధ్యాహ్నం, పోసిన టీ చల్లారేలోపల మేము రెండు మాటలు విన్నాం. మొదటిది: "ఈ బ్యాచి పిల్లలు నోరు విప్పరండీ. గోడకు చెప్పుకున్నట్టే." రెండోది: "వీళ్ళ గోల భరించలేకపోతున్నా. క్లాసు కాదది, చేపల మార్కెట్టు." రెండు మాటలూ ఒకే బి.కాం. రెండో సంవత్సరం సెక్షను గురించి అన్నవే. అన్నవాళ్ళు ఒకరి మాటకు ఒకరు తలూపారు కూడా. నోరు విప్పనివాళ్ళు గోల ఎట్లా చేస్తారని ఆ గదిలో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. అతిథులం, వాళ్ళు పోయించిన టీ తాగుతున్నాం. (చేపల మార్కెట్టు అంటే ఎవరి అమ్మలు కూర్చునే మార్కెట్టో పాఠకులకు వేరే చెప్పాల్సిన పని లేదు.)

అడగని ఆ ప్రశ్న నుంచే ఈ వ్యాసం పుట్టింది. ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య వున్న ఒక డిగ్రీ కాలేజీలో కిందటేడు ఒక సెమిస్టరు పాటు వారానికి మూడు రోజులు వెనక బెంచీలో కూర్చున్నాం. కాలేజీ పేరు రాయడం లేదు. భయపడి కాదు, పేరు రాస్తే 'ఓహో అదా, అక్కడంతే' అని మిగతా కాలేజీలన్నీ తప్పించుకుంటాయి. నోటుబుక్కులో ఎడమ పేజీలో చెవిన పడిందల్లా రాసుకున్నాం. కుడి పేజీలో దాన్ని ఎవరు ఏ పేరుతో పిలిచారో రాసుకున్నాం. సెమిస్టరు అయిపోయేసరికి ఎడమ పేజీలు నిండిపోయాయి. కుడి పేజీల్లో మాత్రం రెండే మాటలు మళ్ళీ మళ్ళీ వున్నాయి: 'గోల', 'సైలెన్స్'.

మేము తటస్థులం కాము. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిమి మేమే. తెలుగు మీడియంలో సర్కారు కాలేజీలో చదివి యూనివర్సిటీకి వచ్చాం. మొదటి సంవత్సరం సెమినార్లలో ఒక్క మాట మాట్లాడలేదు. 'రిజర్వేషన్ క్యాండిడేట్లు సైలెంటుగా వుంటారు' అన్న వాక్యం మా గురించే అన్నారని మాకు తెలుసు. కనుక ఇది దూరం నుంచి చూసి రాసిన రిపోర్టు కాదు.

ముందు భాష సంగతి. తెలుగులో శబ్దానికి కులం వుంది. వీణది నాదం. గుడిగంటది నాదం. మువ్వలది సవ్వడి. వేణువుది రవళి. డప్పుది మాత్రం చప్పుడు. 'డప్పు నాదం' అని ఎవరైనా రాస్తే అది మన ఉద్యమం వచ్చాక రాసిందే అయివుంటుంది. వాడలో నలుగురు మాట్లాడుకుంటే లొల్లి, అగ్రహారంలో నలుగురు మాట్లాడుకుంటే గోష్ఠి. ఇది ఊరికే పదాల తమాషా కాదు. 'గోల' అన్న మాట నోట్లో తయారుగా పెట్టుకున్న మనిషి చెవికి, ఎదుటివాళ్ళు ఏం మాట్లాడుతున్నారో వినే పని తప్పిపోతుంది. 'గోల' అనగానే వినడం ఆగిపోతుంది. ఇక ఆపమనడమే మిగులుతుంది.

ఆ కాలేజీ చుట్టూ ఏం వినబడుతుందో చెప్పాలి. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర వరంగల్ దారి బస్సులు, ఘట్‌కేసర్, బోడుప్పల్ అని అరిచే షేరాటోలవాళ్ళు. 2017 నవంబరు నుంచి నెత్తిమీద నాగోలు మెట్రో. 2018లో మొదలుపెట్టిన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ళ తరబడి సాగి, రోడ్డంతా గుంతలూ హారన్లూ అయింది. నాచారం వైపు పారిశ్రామికవాడ: వెనక్కి తీస్తున్న లారీలు, షెడ్డుల్లో కంప్రెసర్లు, ఈఎస్ఐ ఆస్పత్రికి పోయే అంబులెన్సు, షిఫ్టు మారేటప్పుడు సైరను. మా సెక్షనులో పిల్లలు మల్లాపూర్, రామంతాపూర్, బోడుప్పల్ నుంచీ, రోజూ భువనగిరి వైపు నుంచీ వచ్చేవాళ్ళు. అబ్బాయిల్లో సగం మంది సాయంత్రం డెలివరీకి పోతారు. అమ్మలు కొందరు అదే పారిశ్రామికవాడలో ప్యాకింగు పనికి పోతారు.

పాఠం మొదలుపెట్టగానే లెక్చరర్ కిటికీ మూయిస్తారు. "డిస్టర్బెన్సు." మే నెల ఎండలోనూ మూయిస్తారు. మూడో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం సైరను వినబడ్డప్పుడల్లా తల ఎత్తుతుంది. వాళ్ళ అమ్మ నాచారంలో ఒక యూనిట్లో పనిచేస్తుందని మాకు తెలిసింది. ఆ రోజు ఎడమ పేజీలో ఇట్లా రాసుకున్నాం: 'లెక్చరర్‌కు అంతరాయం, ఈ పిల్లకు గడియారం. అమ్మ ఇంటికి బయలుదేరిందని సైరను చెబుతున్నది.' రాసుకొని చాలా సంబరపడ్డాం. ఈ వాక్యం దగ్గరికి మళ్ళీ వస్తాం.

శబ్దాల గురించి పుస్తకాలు చదివినవాళ్ళు మమ్మల్ని కెనడా సంగీతకారుడు ముర్రే షేఫర్ దగ్గరికి పంపారు. 1977లో ఆయన 'ది ట్యూనింగ్ ఆఫ్ ది వరల్డ్' అనే పుస్తకం రాశాడు. ఒక చోట వినబడేవన్నీ కలిపి ఆ చోటికి ఒక శబ్దచిత్రం వుంటుందన్నది ఆయన దగ్గర మేము నేర్చుకున్నది. అయితే ఆయన లెక్కలో పాతకాలపు పల్లె మంచిది, అక్కడ ఒక్కో శబ్దం విడివిడిగా, దూరానికి కూడా స్పష్టంగా వినబడుతుంది. యంత్రాల నగరం చెడ్డది, అక్కడ అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి. మా ప్రశ్న సూటిగా అడుగుతాం: ఆ పల్లెలో దూరానికి స్పష్టంగా వినబడే చప్పుడు చేసేది ఎవరు? చాటింపు వేసేది ఎవరు? చావుకు డప్పు కొట్టేది ఎవరు? పల్లె శుభ్రంగా వినబడడానికి కొందరు కులవృత్తిగా చప్పుడు చేయాలి, మిగతా సమయమంతా కిక్కురుమనకుండా వుండాలి. నగరం ముద్దలో మా అమ్మ గొంతు ఎవరిదో పోల్చుకోలేరు. అది కొంత హాయి కూడా. పల్లెలు వదలమని అంబేడ్కర్ ఎందుకన్నాడో షేఫర్‌కు తెలియకపోవచ్చు, మనకు తెలియాలి.

ఇంకో మాట ఇక్కడే. ఉప్పల్ రోడ్డు మీదే 1961లో ఏర్పడ్డ జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వుంది. దాని పేరుతో మెట్రో స్టేషను కూడా వుంది. భూమి అడుగున ఎక్కడో పుట్టిన సన్నని అదురును పట్టుకోవడం ఆ సంస్థ పనుల్లో ఒకటి. ఆ ప్రహరీ పక్కనుంచి బస్సులో వేలాడుతూ వచ్చిన పిల్ల గొంతు, పది అడుగుల దూరంలో వున్న డయాసుకు వినబడదంటారు.

ఇక క్లాసులోకి పోదాం. మొదటి చప్పుడు హాజరు. రిజిస్టరు తెరుస్తారు, పేర్లు పడుతుంటాయి, 'ప్రెజెంట్ సార్', 'యస్ సార్' పడుతుంటాయి. వారం రోజులు వింటే ఇందులో ఒక తాళం వుందని తెలుస్తుంది. కొన్ని పేర్లు నోటికి అలవాటుగా వస్తాయి. కొన్నింటి దగ్గర లెక్చరర్ గొంతు ఆగి, కొంచెం నవ్వి, ముందుకు పోతుంది. అమ్మమ్మ పేరో గ్రామదేవత పేరో పెట్టుకున్న పిల్లల దగ్గర ఈ ఆగడం ఎక్కువ. ఆగిన ప్రతిసారీ ముందు బెంచీల నుంచి ఒక చిన్న నవ్వు. ఆ నవ్వును ఎవరూ 'గోల' అనలేదు. మా కుడి పేజీ ఆ రోజులన్నీ ఖాళీ.

కానీ మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో ఖాళీ. కొన్ని పేర్లకు జవాబు ఒక రెప్పపాటు ఆలస్యంగా వస్తుంది. రోజూ అంతే, ఆ పేర్లకే. "నిద్రపోతున్నావా అమ్మా, నీ పేరు నీకు తెలవదా?" అని లెక్చరర్ ఒకసారి అన్నారు. క్లాసంతా నవ్వింది. తన పేరు తనకు తెలియకపోవడం కాదది. ఇంట్లో, ప్రార్థన మందిరంలో, వాడలో పిలిచే పేరు ఒకటి, రిజిస్టరులో వున్న పేరు ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి పోయిన మాల మాదిగలను ఇప్పటికీ చేర్చలేదు. మన రాష్ట్రాల్లో వాళ్ళు కాగితం మీద బీసీ-సి. మతం మారితే కులం పోతుందని రాజ్యం నమ్ముతుంది. ఊరు నమ్మదు, ఇల్లు అద్దెకిచ్చేవాడు నమ్మడు, క్లాసు నమ్మదు. ఆ రెండు పేర్ల మధ్య దూరమే ఆ రెప్పపాటు. అది ఏ పిల్లలదో మేము రాయం. ఈ పేరా రాయాలా వద్దా అని కూడా చాలా రోజులు తన్నుకున్నాం. వాళ్ళ జాగ్రత్తను బయటపెట్టే హక్కు మాకు లేదు. ఆ జాగ్రత్తను 'నిద్ర' అని పిలిచే హక్కు లెక్చరర్‌కూ లేదని చెప్పడానికే రాశాం.

రెండో చప్పుడు అటెండరు చెప్పులది. వరండాలో ఆ టపటప వినబడగానే క్లాసులో గాలి మారుతుంది. ఆయన చేతిలో కాగితం. స్కాలర్‌షిప్పు ఈపాస్‌లో పెట్టుకున్నవాళ్ళు ఏదో సర్టిఫికెట్టు తేలేదు, వేలిముద్ర పడలేదు, ఆఫీసుకు రావాలి. ఆయన చదువుతాడు: 'ఎస్సీలు వీళ్ళు... ఎస్టీలు వీళ్ళు... బీసీలు వీళ్ళు...' ఆయన తప్పు కాదు, కాగితం మీద అదే వరస. పేరు వినబడ్డవాళ్ళు లేస్తారు. ఇనుప కాళ్ళ బెంచీలు గచ్చు మీద కిర్రుమంటాయి. ఒక బెంచీ, ఇంకో బెంచీ. లేవనివాళ్ళ బెంచీలు నిశ్శబ్దంగా వుంటాయి. కళ్ళు మూసుకొని కూర్చున్నా ఈ గదిలో ఎవరు ఎవరో చెప్పేయొచ్చు. ఒక అబ్బాయి ఏం చేస్తాడంటే, చెప్పుల టపటప వినబడగానే బెంచీ చివరికి జరిగి కూర్చుంటాడు, లేచినప్పుడు బెంచీ కదలకుండా. ఇది మేము నాలుగుసార్లు చూశాం. నాలుగోసారి మాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, రాసుకోలేకపోయాం.

అంబేడ్కర్ బడిలో తన గోనెపట్ట తానే తెచ్చుకొని విడిగా కూర్చున్న సంగతి, నీళ్ళు పోసే ప్యూను రాని రోజు దాహంతో వుండిపోయిన సంగతి ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నాడు. ఆయన పోయాక చాలా కాలానికి, 1990లో అది పుస్తకంగా వచ్చింది. మన పిల్లలందరికీ ఆ కథ తెలుసు, పాఠంగా కూడా చెప్పుకుంటున్నాం. గోనెపట్ట పోయింది, సంతోషం. అందరికీ ఒకే బెంచీ వచ్చింది. ఆ బెంచీయే ఇప్పుడు అరిచి చెబుతున్నది. 1994లో మొదలైన మాదిగ దండోరా పోరాటం తర్వాత, 2024లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది, మూడు గ్రూపులయ్యాయి. హక్కు వచ్చింది. ఆ హక్కును నలుగురిలో ఏ గొంతుతో చదివి వినిపిస్తారన్నది ఏ జీవోలోనూ లేదు. ఒక కవరులో పెట్టి ఇవ్వొచ్చు, ఫోనుకు పంపొచ్చు. ఈ చిన్న పని చేయమని ప్రిన్సిపాలును అడిగితే "మేం కులం చూడమండీ, అందుకే ఓపెన్‌గా చదివిస్తాం" అన్నారు. ఆ జవాబును మేము ఇంకా అర్థం చేసుకుంటూనే వున్నాం.

మూడోది కలాల చప్పుడు. ఇది చాలా సన్నం, ఫ్యాను ఆగితేనే వినబడుతుంది. లెక్చరర్ వివరించేటప్పుడు కలాలు ఆగుతాయి. నోట్సు చెప్పేటప్పుడు గరగరమని ఒక్కసారిగా మొదలవుతాయి. వెనక బెంచీల నుంచి ఈ పిల్లలు క్లాసులో గట్టిగా పలికే వాక్యం ఒక్కటే: "స్లో సార్." దీన్ని బట్టీ చదువు అని తీసిపారేయడం చాలా తేలిక. మేమూ మొదట్లో అట్లానే రాసుకున్నాం. తర్వాత ఒక పిల్లవాడి నోట్సు చూశాం. చెప్పింది చెప్పినట్టు ఇంగ్లిషులో ఒకవైపు, అంచున సన్నగా తెలుగులో తన మాటలు: బ్యాలెన్స్ షీటు పక్కన వాళ్ళ నాయన చిట్టీ లెక్క. మూడు నెలలు ఎవరూ వినని సంభాషణ ఆ అంచులో నడుస్తున్నది. అది 'నోరు విప్పకపోవడం' కాదు. విప్పిన నోరు కాగితం అంచుకు పోయింది, అంతే.

లెక్చరర్ల వైపు కూడా వినాలి. నోట్సు చెప్పే ఆవిడ గెస్టు ఫ్యాకల్టీ, గంటల లెక్కన జీతం. పొద్దున ఒక కాలేజీ, మధ్యాహ్నం ఇంకొకటి. సాయంత్రానికి గొంతు బొంగురు. ఆమె కూడా మనవాళ్ళ పిల్లే, మాకు తర్వాత తెలిసింది. క్లాసులో ఒక్క తెలుగు ముక్క రానివ్వదు. తెలుగులో చెబితే 'కోటాలో వచ్చింది కదా' అంటారని భయం. "సైలెన్స్!" అని అందరికన్నా గట్టిగా అరిచేదీ ఆవిడే. వరండాలో పోయే ప్రిన్సిపాలుకు ఆ నిశ్శబ్దం వినబడాలి. ఆవిడ ఉద్యోగానికి అదే రుజువు.

ఇంగ్లిషు గురించి కాబట్టి కొంచెం వెనక్కి పోవాలి. నగరంలో మన పిల్లలకు 1910లో భాగ్యరెడ్డివర్మ ఈసామియా బజారులో బడి పెట్టారు. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా ఉర్దూలో పాఠాలు మొదలుపెట్టింది. 1948 తర్వాత అక్కడ ఉర్దూ పోయి ఇంగ్లిషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చి డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేసింది. ఇప్పుడు మళ్ళీ ఇంగ్లిషు. పొరుగు రాష్ట్రంలో 2021లో డిగ్రీ అంతా ఇంగ్లిషు మీడియమే అని తేల్చేశారు. మీడియం మారిన ప్రతిసారీ మన పిల్లల నోరు కొత్తగా తప్పు అవుతూ వచ్చింది. తెలుగు మీడియం రోజుల్లో మాత్రం మన నోరు ఒప్పయిందా? పుస్తకంలో తెలుగు కృష్ణా గుంటూరు పైకులాలది. 'వస్తున్నడు' అన్న మా నోటిని 'వస్తున్నాడు' అని దిద్ది దిద్ది ఆ దీర్ఘం దగ్గరే మమ్మల్ని ఆపేశారు. కనుక తెలుగు పోతోందని ఏడ్చేవాళ్ళతో మేము గొంతు కలపం. ఇంగ్లిషు మాకు కావాలి. దళితులకు ఇంగ్లిషు వద్దనేవాళ్ళ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో అందరికీ తెలుసు. మా విమర్శ వేరు: ఈ కాలేజీలో ఇంగ్లిషు నేర్పడం లేదు, ఇంగ్లిషును వింటున్నారు. లేపి ఒక పేరా చదివిస్తారు. రెండో వాక్యంలో ఒక మాట తడబడుతుంది, ముందు బెంచీ నవ్వు వస్తుంది, "సిట్" అంటారు. మూడు నెలల్లో ఒక్కరిని కూడా పేరా చివరిదాకా చదవనివ్వలేదు.

అమెరికాలో విలియమ్ లాబోవ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1969లో ఒక వ్యాసం రాశాడు. నల్ల పిల్లలకు భాషే లేదని అక్కడి విద్యావేత్తలు అంటున్న కాలమది. హార్లెమ్‌లో లియోన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఏమడిగినా ఒక్క ముక్కతో జవాబిచ్చేవాడు. అడిగింది తెల్లవాడు కాదు, హార్లెమ్‌లోనే పెరిగిన నల్ల మనిషి. అయినా పిల్లవాడు మాట్లాడలేదు. తర్వాతసారి ఆ మనిషి ఆలుగడ్డ చిప్సు పొట్లం పట్టుకొచ్చాడు, పిల్లవాడి దోస్తును పిలిపించాడు, తానూ కింద కూర్చున్నాడు. పిల్లలిద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారు. మన కులం లెక్చరర్‌ను వేయించుకుంటే పని అయిపోయిందనుకునే మనవాళ్ళు ఈ కథను రెండుసార్లు చదవాలి. మనిషి మారినా గది మారకపోతే పిల్లవాడు ముక్కసరిగానే జవాబిస్తాడు. మేమూ చూశాం: క్లాసులో 'యస్ మేడమ్' దాటని మూడో బెంచీ అమ్మాయి, మిర్చీబజ్జీ బండి దగ్గర షేరాటో రేటు ఎట్లా పెరిగిందో, ఎవరు పెంచారో, లీటరు డీజిలుకు ఎన్ని ట్రిప్పులో పావుగంట ఆపకుండా చెప్పింది. బి.కాం. క్లాసులో ఆ సెమిస్టరు విన్న మంచి లెక్చరు అదే, క్లాసు బయట విన్నాం.

2020లో క్లాసులు ఫోనులోకి పోయినప్పుడు ఈ గది ఇంకా నగ్నంగా బయటపడింది. అప్పుడు ఈ కాలేజీలో మేము లేము, సీనియర్లు చెప్పగా విన్నదే. జనం కదలిక తగ్గి భూమి మీది సన్నని అదురు కూడా తగ్గిందని ఆ ఏడాది ప్రపంచమంతటా భూకంప శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఇక్కడ లెక్చరర్లకు 'సైలెన్స్' అని అరిచే పని తప్పింది, మ్యూట్ బటను వచ్చింది. ఒకే గది ఇంట్లో మైకు తీస్తే కుక్కరు విజిలు, పక్కింటి తగాదా, తమ్ముడి ఏడుపు వినబడుతుంది. అందుకని మైకు తీయలేదు. 'నోరు విప్పరు' అన్న మాట ఆన్‌లైనులోనూ అట్లానే నిలబడింది.

ఇక మా గురించి, అంటే ఈ పత్రిక రాసేవాళ్ళం చదివేవాళ్ళం గురించి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత మన సాహిత్యం ధిక్కారాన్ని గొంతుగా, కేకగా, పాటగా, డప్పుగా చెప్పుకుంది. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం పేరే 'చిక్కనవుతున్న పాట'. అది అవసరం, దాని బిడ్డలమే మేము. అయితే ఒక చెడ్డ అలవాటు కూడా పట్టుకుంది. దళితుడు గట్టిగా వినబడితేనే మనకు దళితుడు. మెల్లగా మాట్లాడేవాడు, బెంచీ కిర్రుమనకుండా లేచేవాడు, మన వ్యాసాల్లో ఎక్కడా లేడు.

ఆ కాలేజీలో సాంస్కృతిక వారోత్సవం వచ్చింది. సంవత్సరమంతా 'గోల' అన్నవాళ్ళే డప్పులు తెప్పించారు. తెలంగాణ వచ్చాక డప్పు స్టేజీ ఎక్కింది, మంత్రిగారికి స్వాగతం చెబుతున్నది. మంచిదే. మా సెక్షనులో ఒక అబ్బాయిని పిలిచి "నువ్వు కొట్టాలిరా, మీ వాళ్ళకు వస్తది కదా" అన్నారు. వాడు మెల్లగా అన్నాడు: "నాకు రాదు సార్. నేను జీఎస్టీ మీద సెమినార్ చెప్త." వాడికి డప్పు వచ్చు, వాళ్ళ పెదనాయన దగ్గర నేర్చుకున్నాడు, మాకు తెలుసు. ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. వాడు వద్దన్నప్పుడు మాకు లోపల నిరాశ కలిగింది. వాడు కొడితే వ్యాసానికి ఎంత బాగుండేదో అనుకున్నాం. ఆ లెక్చరర్‌కూ మాకూ ఆ క్షణంలో తేడా ఏమిటి? ఇద్దరం వాడిని డప్పులోనే వినాలనుకున్నాం. వాడు వాడి గొంతులో జీఎస్టీ చెప్పాలనుకున్నాడు. కులం అంటగట్టిన చప్పుడును కాదనడం కూడా ధిక్కారమేనని మన సిద్ధాంతంలో ఎక్కడ రాసుకున్నాం?

సెమినార్ చెప్పాడు. మూడో బెంచీ అమ్మాయి కూడా చెప్పింది, ఆటో లెక్క తీసుకొని ఖర్చూ లాభం గురించి. ఇంటర్నల్ మార్కుల ఫారంలో 'వాయిస్' అని ఒక గడి వుంది. ఇద్దరికీ ఆ గడిలో మార్కులు తగ్గాయి. విషయం బాగుందట, వినబడలేదట. ఆఖరి బెంచీలో కూర్చున్న మాకు వినబడింది. ఆ మాట లెక్చరర్‌కు చెప్పాం. ఆవిడ బొంగురు గొంతుతో "మీరు వినడానికి వచ్చారు కదా సార్, మీకు వినబడుతుంది. నేను సిలబస్ అయిపోగొట్టడానికి వచ్చాను" అన్నది. దానికి మా దగ్గర జవాబు లేదు.

సెమిస్టరు చివరి రోజు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, కిటికీలు తెరిచారు. మూడో బెంచీ అమ్మాయి వెనక్కి వచ్చి అడిగింది: "మూడు నెలల సంది ఏం రాస్తున్నరు సార్? మా గురించేనా? సదివి వినిపియ్యుండ్రి." చుట్టూ పదిమంది చేరారు. చదివాం. హాజరు దగ్గర నవ్వారు, బెంచీల దగ్గర ఎవరూ నవ్వలేదు. సైరను దగ్గరికి వచ్చాం: 'అమ్మ ఇంటికి బయలుదేరిందని సైరను చెబుతున్నది.' ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తప్పు సార్. సైరను పర్మినెంటోళ్ళకు. మా అమ్మ కాంట్రాక్టు. సూపర్‌వైజర్ పొమ్మన్నప్పుడే పోవుడు."

"మరి సైరను మోగినప్పుడల్లా తల ఎత్తుతావు కదా?"

"బస్సు రష్షయితది సార్. వాళ్ళంత ఒక్కసారె ఎక్కుతరు. నాకు సీటు దొరకది."